ముక్కు కోసం కుప్పం దాకా: కోలుకునే గది వెతుకుతూ ఒక రోజు

ముక్కు సర్జరీ చేయించుకోబోతున్నానని ఇంట్లో నేను చెప్పింది ఒక్క మాట. వాళ్ళు విన్నవి మూడు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాదంటారని నా భయమట, అది మా అన్న తేల్చిన విషయం. ఎవడో ఏదో అనుంటాడని, వాడి పేరు చెప్పమని అమ్మ వారం పాటు నా వెంటబడింది. నాయన విన్నది ఇంకొకటి. మా ఇంట్లో నాయనకూ నాకూ ఒకటే ముక్కు, నడుమ ఎత్తు, చివర కిందికి వంపు. మదనపల్లెలో మా దాణా అంగడికి వచ్చే రైతులు నన్ను చూడగానే ఎవరి కూతురినో చెప్పేస్తారు. అన్నం ముందు కూర్చుని ఆయన అన్నది ఒక్కటే: "నా ముక్కు నీకేం ద్రోహం చేసింది పాపా?" ఆ తర్వాత నాతో మాటలు తగ్గించేశాడు. పెళ్ళి కోసం కాదని, ఎవడూ ఏమీ అనలేదని, నాయన మీద నాకు ఏ కోపమూ లేదని ముగ్గురికీ విడివిడిగా చెప్పాను. మరెందుకంటే, అద్దంలో నాకు వేరేలా ఉండాలనిపించింది, హైస్కూలు నుంచీ అనిపిస్తూనే ఉంది. ఇంత చిన్న జవాబును మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. చివరికి అమ్మ తనకు వీలైన కారణం తానే తయారుచేసుకుంది. బంధువులకు సైనస్ ఆపరేషన్ అని చెప్తుందట. నాకు సైనస్ లేదు. ఏడాదికి ఒకసారి కూడా జలుబు చేయదు.

ఈ బ్లాగులో ఇంతవరకూ కొండల గురించీ కోటల గురించీ రాశాను. ఇది వేరే రకం ప్రయాణం. మనలాంటి చిన్న ఊళ్ళ నుంచి పెద్ద ఊరికి వెళ్ళి ఇలాంటి సర్జరీ చేయించుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఎవరూ చెప్పుకోరు కాబట్టి ఎవరి అనుభవమూ ఇంకొకరికి అందదు. బెంగళూరులో నేను కలిసిన సర్జన్ మొదటిరోజే ఒక మాట అన్నాడు: కత్తి పని కొన్ని గంటలే, మిగతాదంతా ఇంట్లో జరిగే పని. ముక్కు మీద వారం రోజులు గట్టి పట్టీ ఉంటుంది. తల ఎత్తులో పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. వంగకూడదు, బరువులు ఎత్తకూడదు, చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, అసలు రాకుండా చూసుకుంటే మంచిది. దుమ్ము, పొగ తగలకూడదు. కళ్ళ కింద కమిలి ఉంటుంది కాబట్టి అద్దం చూసి భయపడకూడదు. ఇవన్నీ నాకు చెప్పినవి, మీకు మీ డాక్టరు చెప్పేదే ప్రమాణం. అన్నిటికంటే ముఖ్యం, మొదటి రోజుల్లో పక్కన పెద్దవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి. ఎక్కడ కోలుకుంటానో, ఎవరు తోడుంటారో చెప్తేనే తేదీ ఖాయం చేస్తామన్నారు. నాకిచ్చిన గడువు ఈ వారాంతం. అది దాటితే ఆ తేదీ వేరేవాళ్ళకు పోతుంది, నా సెలవులూ పోతాయి.

మా ఇల్లు పనికిరాదు. కింద అంగడి, పైన మేము. పొద్దున మూటలు దించేటప్పుడు తవుడు, వేరుశనగ చెక్కల దుమ్ము మెట్ల మీదుగా ఇంట్లోకే వస్తుంది. ఇక మిగిలినవి రెండు చోట్లు. ఒకటి పుంగనూరు దగ్గర మా చిన్నమ్మ ఇల్లు, అంటే అమ్మ చెల్లెలిది. రెండోది కుప్పంలో హేమ ఉంటున్న గది. హేమ తిరుపతి హాస్టల్లో నా రూమ్మేటు, ఇప్పుడు కుప్పంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తోంది. రెండూ ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి ఈ శనివారం రెండూ చూసి తేల్చుకుందామని బయల్దేరాను.

పొద్దున ఆరున్నరకు నాయన బండి మీద బస్టాండులో దింపాడు. దిగాక "ముందర సీట్లో కూర్చో" అన్నాడు, బస్సు కదిలేదాకా స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. నేను మెడకు వేసుకునే దిండు తెచ్చుకున్నాను, రోగిలాగా కూర్చుని చూడాలని. కండక్టరు దాన్ని ఎగాదిగా చూసి "ఇది పుంగనూరు బస్సుమ్మా, ఢిల్లీకి పోదు" అన్నాడు. ఆంధ్రా ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్సులోనూ పల్లెవెలుగులోనూ ఆడవాళ్ళకిప్పుడు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు చింపి ఇస్తారు. గంటలోపే పుంగనూరు చేరాను. దారి మెత్తగానే ఉంది కానీ ప్రతి ఊరి మొదట్లోనూ చివర్లోనూ స్పీడు బ్రేకర్లు. పట్టీ వేసిన ముక్కుతో ఇక్కడ ప్రయాణించేవాళ్ళు కారు మాట్లాడుకుంటే డ్రైవరుకు ఆ సంగతి ముందే చెప్పండి. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, సదుం వైపు పోయే షేరు ఆటో ఎక్కాను. చిన్నమ్మ ఊరు ఆ రోడ్డు మీదే, పావుగంట.

చిన్నమ్మ నాకోసం ఎంత చేసిందో చూడండి. పక్క గదికి సున్నం కొట్టించింది. మంచం తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పేర్చింది, తల ఎత్తులో ఉండాలని నేను ఫోనులో అన్న ఒక్క మాటకు. కిటికీకి కొత్త దోమతెర. కిటికీ అవతల కొట్టంలో పొట్టి ఆవులు నెమరు వేసుకుంటున్నాయి. "పడుకొని సూడు, జారతావేమో" అంది. పడుకున్నాను. జారలేదు. మా అమ్మయినా ఇంత ఆలోచించలేదు.

అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఎదురింటి నాగరత్నమ్మత్త చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, ఆమె వెనక వాళ్ళ మామ చెంగప్ప తాత, ఆయన చేతిలో టెంకాయబోండాం. మా వైపు ఎవరికైనా ఆపరేషన్ అయిందంటే పలకరించడానికి పోవాలి. పోకపోతే అది ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. బ్రెడ్డూ బోండామూ తీసుకుపోవాలి, మంచం పక్కన కూర్చోవాలి, కోసిన చోటు చూడాలి, తమకు తెలిసిన ఇంకొకరి ఆపరేషన్ కథ చెప్పాలి. ఇక్కడ చిక్కేమిటంటే, అమ్మ ఫోనులో చిన్నమ్మకు ఆపరేషన్ అవుతుందని చెప్పింది, చిన్నమ్మ పాలకేంద్రం దగ్గర ఎవరితోనో సైనసుకని అంది, అది ఊరు తిరిగి వచ్చేసరికి అయిపోయింది. నేను ఇటుకల మంచం మీద వెల్లకిలా పడుకుని దొరికాను, మెడకు దిండుతో.

నాగరత్నమ్మత్త గడ్డం పట్టుకుని నా మొహాన్ని వెలుగువైపు తిప్పింది. చాలాసేపు చూసింది. "కుట్టు కూడా కనపడల్యా. ఎంత సన్నంగా చేసినారు మామా, సూడు" అంది. చెంగప్ప తాత వంగి చూశాడు. "ముందు అచ్చం వాళ్ళ నాయన ముక్కే గదా. ఇప్పుడు అమ్మ పోలిక వచ్చేసింది" అన్నాడు. గురక తగ్గిందా, ఊపిరి బాగా ఆడుతోందా అని అత్త అడిగింది. పట్నం డాక్టర్ల హస్తవాసిని ఇద్దరూ కాసేపు మెచ్చుకున్నారు. తలుపు దగ్గర చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది, నవ్వుతోందో భయపడుతోందో తెలియలేదు. నన్ను చూసి కళ్ళతోనే ఊరుకోమంది.

నిజానికి ఊరుకుంటే ఎంత సుఖం. సైనసూ నిలబడేది, ఆపరేషనూ అయిపోయేది. నేను లేచి కూర్చున్నాను. "ఇంకా చేయించుకోలేదు తాతా. ఇది పాత ముక్కే" అన్నాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. "అట్లనా. అయితే యాలమ్మా చేయించుకునేది? ఇదే బాగుండాదే" అన్నాడు. సైనస్ లేదని, ముక్కు ఆకారం మార్చుకోవడానికని చెప్పాను. నాగరత్నమ్మత్త బ్రెడ్డు ప్యాకెట్టు మంచం మీద పెట్టాలా వెనక్కి తీసుకోవాలా అని ఒక్క క్షణం ఆలోచించి పెట్టేసింది. బోండాం మాత్రం తాత తానే కొట్టించుకుని తాగాడు, తెచ్చినది వెనక్కి మోసుకుపోలేక.

వాళ్ళు వెళ్ళాక చిన్నమ్మ మొదలుపెట్టింది. "సూసినావా. మారిందో లేదో కూడా ఎవురికీ తెలీలేదు. కనపడని దానికి యాల కోసుకుంటావు?" ఇది మంచి ప్రశ్నే, ఒప్పుకుంటాను. చేటలో బియ్యం ఏరుతూ ఆమె నన్ను చూడకుండా అడిగింది. నాకు తట్టిన జవాబు కూడా అప్పుడే చెప్పాను. వాళ్ళు నా మొహం అరచేతి దూరంలో పెట్టుకుని చూశారు, అయినా నా ముక్కు వాళ్ళకు కనపడలేదు. ఇన్నేళ్ళూ వాళ్ళు చూసింది నాయన ముక్కును, ఇవాళ చూసింది అమ్మ చెప్పిన ఆపరేషన్ను. నా ముక్కును రోజూ చూసేది నేనొక్కదాన్నే. అలాంటప్పుడు అది ఎట్లుండాలో కూడా నేనే చెప్పాలి. చిన్నమ్మ బియ్యం ఏరుతూనే ఉంది. "నోరు మాత్రం మీ నాయనదే" అంది.

తర్వాత ఆమె తన లెక్క చెప్పింది. ఇక్కడికే రావాలి, తానే చూసుకుంటుంది, స్నానానికి వేడినీళ్ళు, పూటపూటకూ పాలు, రాత్రిపూట పక్కన పడక. పథ్యం మాత్రం ఆమె చెప్పినట్టే. పప్పు తింటే చీము పడుతుంది కాబట్టి కుట్లు ఆరేదాకా పప్పు లేదు, గుడ్డు లేదు, వంకాయ లేదు. బాలింతలకు పెట్టే వెల్లుల్లి కారంతో అన్నం. డాక్టరు పప్పూ గుడ్డూ బాగా తినమన్నాడంటే, ఆయనకు ఎంతమంది పిల్లలని అడిగింది. ఆ మాట అంటూనే పొయ్యి మీద తిరగమోత వేసింది. వంటిల్లు గదికి ఆనుకునే ఉంది, నడుమ తలుపు లేదు. ఎండుమిరపకాయల ఘాటు నేరుగా మంచం దగ్గరికి వచ్చింది. నేను తుమ్మడం మొదలుపెట్టి, ఆపలేక, కళ్ళ నీళ్ళతో వాకిట్లోకి పరిగెత్తాను. పట్టీ ఉన్నప్పుడు ఇదే జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మీరు చూసుకునే ఇల్లు ఏదైనా సరే, వంట జరిగేవేళకు వెళ్ళి చూడండి.

ఘాటు సంగతి సర్దుకోవచ్చు, తలుపుకు దుప్పటి కట్టుకోవచ్చు, పప్పు దొంగతనంగా తినొచ్చు. అసలు చిక్కు చివర్లో వచ్చింది. అన్నం పెడుతూ చిన్నమ్మ చాలా మెల్లగా చెప్పింది. "ఈడ ఉంటే సైనసనే చెప్పల్ల. నాగరత్నమ్మకు నేను సర్దిచెప్తాలే, పిల్ల ఎగతాళికి అనిందని. నాకూ ఈ ఊర్లో తల ఎత్తుకోని తిరగల్ల గదా." ఆమె బాధ నాకు అర్థమైంది. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు ఈ ఊళ్ళోనే చేయాలి. కానీ వారం రోజులు కళ్ళు కమిలిపోయి ఆ మంచం మీద పడుకుని, వచ్చినవాళ్ళందరికీ లేని జబ్బు గురించి చెప్పుకుంటూ, నేను నా డబ్బుతో, నా ఇష్టంతో చేసుకున్న పనిని రోగంలాగా మోయాలి. చెప్పనని అన్నాను. "అయితే నువ్వు ఈడికి రాకు" అంది చిన్నమ్మ. కోపంగా కూడా అనలేదు. అన్నం తినేదాకా పక్కనే కూర్చుంది, రెండోసారి నెయ్యి వేసింది. నేను చెప్పులు వేసుకుంటుంటే లోపల మంచం జరిపిన శబ్దం. ఏం చేస్తున్నావంటే "ఇటుకలు తీసేస్తాండాను. కొట్టంలో తొట్టి కిందికి కావల్ల" అంది. బయటికి రాలేదు.

మధ్యాహ్నం పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడ మారి వి.కోట మీదుగా కుప్పం. రెండు బస్సులకూ ఎదురుచూపులతో కలిపి నాలుగు గంటలు అనుకోండి. పలమనేరు దాటాక అడవి అంచు, ఏనుగులు దాటే చోటని బోర్డులు, నాకు మాత్రం ఏమీ కనపడలేదు, కనపడే మనసూ లేదు. నా చేతిలో ఉన్న ఒక ఇల్లు పోయింది. వి.కోటలో టీ తాగుతున్న డ్రైవరును, ఆపరేషన్ అయిన మనిషి ఈ బస్సులో ఎక్కడ కూర్చుంటే నయమని అడిగాను. ఎవరికని అడిగాడు. నాకే, ముక్కుకు, అందానికి అన్నాను. ఒక కొత్త మనిషి ముందు ఆ మాట అలా అనేయడం అదే మొదటిసారి. ఆయన గ్లాసు కడిగి పెట్టి, "ముందర సీట్లో బ్రేకు కొట్టినప్పుడల్లా కమ్మీకి తగుల్తారు. నడుమ సీట్లో కూర్చోండి, కిటికీ పక్కన వొద్దు" అన్నాడు. ఆకాశం విరిగి పడలేదు.

హేమ కుప్పం స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో మేడ మీద ఉంటుంది. కింద ఇంటావిడ గోవిందమ్మ. గది చిన్నదే. కమోడ్ ఉంది, వంగి కూర్చునే పని లేదు. వంట అంతా కింద గోవిందమ్మ ఇంట్లోనే, ఆ పొగ మేడ మీదికి రాదు, ఆమె పులుసు కాగబెడుతుండగానే పరీక్షించాను. మెట్లు నిటారుగా ఉన్నాయి, అదొక్కటే లోపం. ఇక్కడి నుంచి బెంగళూరుకు రైల్లో రెండు గంటలకు కొంచెం అటూ ఇటూ, మామూలు టికెట్టు వంద రూపాయల లోపే. పట్టీ తీయించుకోవడానికి పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. హేమ మూడు రోజులు సెలవు పెడతానంది. "కొత్త ముక్కు వచ్చినాక పాత అప్పు ఇవ్వనంటావేమో, రాసివ్వు" అని ఒకటే ఎగతాళి.

మిగిలింది గోవిందమ్మ. ఆమె వాకిట్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది. కాయల మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"ఏమి ఆపరేషన్ మా?"

"ముక్కుకండీ. ఆకారం మార్చుకోవడానికి."

"బాగలేదా ఇప్పుడు?"

"బాగానే ఉంది. నాకు నచ్చలేదు."

"దుడ్లు ఎవురివి?"

"నావే. ఉద్యోగం చేసి దాచుకున్నవి."

ఒక చిక్కుడుకాయ ఈనె తీసి పారేసింది. "సెరి. కానీ ఒకటి చెప్తాను, తర్వాత నన్ను అనొద్దు. నాకు కడుపులో ఏదీ నిలవదు. వీధిలో ఎవురడిగినా ఉన్నది ఉన్నట్టే చెప్పేస్తాను. పిల్ల ముక్కు కోయించుకొని పైన పండుకోని ఉండాదని."

చెప్పండి అన్నాను. ఆమె నన్ను మొదటిసారి సరిగ్గా చూసింది. తర్వాతి ప్రశ్న పప్పు గురించే. తినొచ్చునా? తినొచ్చు, డాక్టరు తినమన్నాడు అన్నాను. "పోనీలే, నాకు వేరే వంట పని లేదు" అంది.

సాయంత్రం అమ్మ ఫోను చేసింది. చిన్నమ్మ అంతా చెప్పేసిందట. పెట్టిన అన్నం తిని పెద్దదాని మాట కాదన్నానని తిట్టింది, కుప్పంలో ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇంట్లో పడుకుంటావా అంది. అడిగినవాళ్ళకు ఏం చెప్పాలని అడిగింది. ఉన్నదే చెప్పమన్నాను. ఫోను స్పీకరులో ఉందని అప్పుడు తెలిసింది, ఎందుకంటే తర్వాత వినిపించింది నాయన గొంతు. "ఇంక నిన్ను జూసి నా కూతురని ఎవురైనా అంటారా పాపా?" నవ్వులాటకు అడగలేదు. చాలారోజుల నుంచి దాచుకున్న మాట అది. మూడు వారాలుగా నేను ఆయనకు చెప్పిన కారణాలేవీ ఆ ప్రశ్నకు జవాబు కావని తెలిసింది. "నోరు తెరిస్తే అంటారులే నాయనా" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ రోజుల్లో ఎవరు తోడుంటారని అడిగాడు. హేమ గురించీ గోవిందమ్మ గురించీ చెప్పాను. ఊఁ అని ఫోను అమ్మకిచ్చేశాడు.

ఒక రోజులో మూడు ఊళ్ళు తిరిగాక నాకు తెలిసింది ఇది. ఒళ్ళు బాగలేనప్పుడు చూసుకునేవాళ్ళు మనకు ఎప్పుడూ ఉంటారు, ఒళ్ళు బాగుండి మన ఇష్టానికి మనం మంచం పట్టినప్పుడు మాత్రం వాళ్ళకు ఏం చేయాలో తెలియదు. జబ్బుకు సానుభూతి ఉంది, కోరికకు లేదు. అందుకే కోరికకు జబ్బు పేరు పెట్టమంటారు. చిన్నమ్మ ప్రేమ నిజమే, గోవిందమ్మకు నా మీద ఏ ప్రేమా లేదు. అయినా నేను కళ్ళు కమిలి పడుకున్నప్పుడు అబద్ధం చెప్పుకోకుండా నిద్రపోవాలంటే ఆ మేడమీది గదే కావాలి. నాయన ప్రశ్న నాతోనే ఉంటుంది, దానికి ఈ ప్రయాణంలో మందు దొరకలేదు. మీలో ఎవరైనా ఇలాంటి పనికి సిద్ధమవుతుంటే ఒక్క సలహా: సర్జరీ తేదీ కంటే ముందు పట్టీ తీసే తేదీ అడగండి. ఆ రోజు మీరు ఒంటరిగా పోయి రాగలిగే దారిలో గది తీసుకోండి, బంధువులు ఉన్న ఊరని కాదు.

ఆదివారం పొద్దున బెంగళూరుకు కుప్పం చిరునామా, హేమ పేరు పంపించాను. తేదీ ఖాయమైంది. నేను ముక్కు సర్జరీ చేయించుకుంటున్నాను, అందం కోసం.